మెడా, మేడా?

(ఒడిశాలోని బరంపురంలో ఒక ఆదివారం సాయంత్రం తెలుగు పాఠకులూ రచయితలూ కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఎత్తండి. వినిపించనివాళ్ళు ఎలా ఎత్తుతారులెండి, పక్కవాళ్ళు ఎత్తండి.

నాది పర్లాకిమిడి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఇక్కడ సగం మందిది ఇదే కథ కదా? తెలుగు అక్షరాలు మా అమ్మ నేర్పింది, పాత వారపత్రికలు ముందేసుకుని. ఆ తర్వాత విశాఖపట్నంలో ఒక పత్రికలో ప్రూఫులు దిద్దాను. అది మానేసి ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని ఇతరుల పుస్తకాలు దిద్దుతున్నాను. మా అత్తగారు పక్కింటివాళ్ళతో, "మా కోడలు తప్పులు వెతుకుతుంది" అని చెప్తారు. నా పని గురించి చెప్పారో, నా గురించే చెప్పారో నాకు ఇప్పటికీ తెలీదు.

మరి ఈ పని ఏమిటి? మీరు ఒక నవల రాశారు, లేదా మీ జీవితం రాసుకున్నారు. పుస్తకం వేయాలి. మన దగ్గర ఏం జరుగుతుంది? కాయితాల కట్ట తీసుకెళ్ళి డీటీపీ సెంటర్లో ఇస్తాం. ఆ కుర్రాడు కొడతాడు. ప్రూఫు మనమే చూసుకుంటాం. పెద్దాయన ఒకరితో ముందుమాట రాయించుకుంటాం. ఆ పెద్దాయన పుస్తకం మొత్తం చదివారా అని అడగం. అడగకూడదు కూడా. ప్రెస్సుకి పంపిస్తాం. ఇందులో పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినవాడు ఎవడండీ? డీటీపీ కుర్రాడు. ఆ కుర్రాడు కూడా చదవలేదు, కొట్టాడు. అంటే పుస్తకాన్ని మొట్టమొదట చదివేవాడు దాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నవాడే. తప్పు ముందుగా కనిపించేది అతనికే.

నేను చూసినంతలో, తెలుగులో చాలామంది ప్రచురణకర్తల దగ్గర జీతానికి ఎడిటర్ ఉండరు. అందుకని నాలాంటి వాళ్ళు బయట ఉంటారు. నాకు డబ్బిచ్చేది రచయిత. సంస్థలో ఉండే ఎడిటర్ సంస్థకి ఏం కావాలో కూడా చూడాలి. నేను చూడాల్సింది మీరు రాద్దామనుకున్నదీ, రాసిందీ ఒకటేనా అని. ఈ రెండూ ఒకటి కాకపోవడం చాలా మామూలు విషయం. నన్ను నమ్మండి.

రాతప్రతి వచ్చాక మొదట నేనేం చేస్తానో చెప్తాను. పెన్ను తీసుకోను. మొత్తం ఒకసారి చదువుతాను, మామూలు పాఠకురాలిలా. ఎక్కడ ఆవలించాను, ఎక్కడ ఫోను చూసుకున్నాను, ఎక్కడ టీ చల్లారిపోయినా లేవలేదు, ఇవి మాత్రం గుర్తు పెట్టుకుంటాను. అప్పుడు రచయితకి ఒక ఉత్తరం రాస్తాను. నాలుగు పేజీలు కావచ్చు, పది కావచ్చు. అందులో అచ్చుతప్పుల ఊసే ఉండదు. "మీ కథ 41వ పేజీలో మొదలవుతోంది, అంతకు ముందున్న 40 పేజీలు ఎందుకు?" ఇలాంటివి ఉంటాయి. ఆత్మకథల్లో ఇది ఎక్కువ. తాతగారి తాతగారి దగ్గర ఎత్తుకుంటారు. పాపం రచయిత పుట్టేసరికే పాఠకుడు అలిసిపోతాడు.

"రాసింది మార్చమంటారా?" అని కోపం తెచ్చుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి నేను ఒక్కటే చెప్తాను. గురజాడ వారి కన్యాశుల్కం మొదట అచ్చయింది 1897లో. 1909లో రెండో కూర్పు వచ్చింది. ఈ రోజు మనం చదువుతున్నది ఆ రెండోదే, దాదాపు కొత్త నాటకమే చేశారు ఆయన. అచ్చయిపోయినదాన్ని, ఆడేసిన నాటకాన్ని, నలుగురూ మెచ్చుకున్నదాన్ని మళ్ళీ విప్పి కుట్టారు. మనం అచ్చు కానిదాన్ని విప్పడానికి ఏడుస్తున్నాం.

ఇది పట్టుచీరల ఊరు. మగ్గం తెలిసినవాళ్ళు ఉన్నారు కదా ఇక్కడ? పడుగు సరిగ్గా సాగకుండా పేక వేస్తారా ఎవరైనా? వేయరు. పుస్తకమూ అంతే. ఏ అధ్యాయం ముందు, ఏది వెనక, ఏది అక్కర్లేదు అన్నది తేలేదాకా వాక్యాల జోలికి పోకూడదు. పోతే ఏమవుతుంది? వారం రోజులు కూర్చుని ముత్యాల్లా దిద్దిన అధ్యాయాన్ని ఆఖరికి తీసేయాల్సి వస్తుంది. కొత్తలో నాకే అయింది. రచయిత కంటే నేనే ఎక్కువ బాధపడ్డాను.

సరే, నిర్మాణం కుదిరింది. ఇప్పుడు వాక్యాలు. ఇక్కడే అసలు ప్రమాదం. వాక్యం దిద్దడం మొదలుపెట్టాక చెయ్యి ఆగదు. మీ వాక్యం నా వాక్యం అయిపోతుంది. ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. నవ్వుతారు, పర్లేదు.

ఒక రచయిత ఈ ఊరి కథలే రాశారు. వీధి అని ఎక్కడా లేదు, ప్రతిచోటా "సాహి". ఆ సాహి, ఈ సాహి, సాహి చివర కుళాయి. మనకి తెలుసు. కానీ తెనాలిలో పాఠకుడికి తెలుస్తుందా? తెలీదని నేనే తీర్మానించుకున్నాను. ఆయన్ని అడగలేదు. కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కి సాహి ఉన్నచోటల్లా వీధి పెట్టించేశాను. హాయిగా పడుకున్నాను. మర్నాడు ఆయన ఫోను. "అమ్మా, వీధిత్యం అంటే ఏమిటమ్మా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఫైలు తీసి చూస్తే ఏముంది! సాహిత్యం అని ఆయన రాసిన ప్రతిచోటా వీధిత్యం. సాహితీ సభ కాస్తా వీధితీ సభ. సాహితీ మిత్రులు వీధితీ మిత్రులు. ఒక కథలో ముసలి కవి ఒకాయన, "నా జీవితమంతా వీధిత్యానికే ధారపోశాను" అంటున్నాడు.

నవ్వండి నవ్వండి. నేను మాత్రం ఆ రోజు నవ్వలేదు. ఆయన నవ్వారు, గొప్పవారు. నవ్వాక మెల్లగా అన్నారు: "సాహిత్యం సంగతి సరే, దొరికింది కాబట్టి దిద్దుకుంటాం. సాహి సంగతేమిటి? మా అమ్మ జీవితంలో వీధి అనలేదు. నా కథలో ఆవిడ చేత ఎందుకు అనిపిస్తున్నారు?" నా దగ్గర జవాబు లేదు. సాహిని వెనక్కి తెచ్చాం. మొదటి కథ మొదటి పేజీలో "సాహిలో ఆ కొస ఇంటినుంచి ఈ కొస ఇంటిదాకా" అని ఆయనే ఒక్క ముక్క కలిపారు. అంతే. తెనాలి పాఠకుడికి అర్థమైపోయింది. పఖాళ కూడా అలాగే ఉంచాం. దాన్ని చద్దన్నం అంటే మాటే కాదు, రుచి కూడా మారిపోతుందన్నారు ఆయన.

ఇంకో పని, వాస్తవాలు సరిచూడటం. కథే కదా, కల్పనే కదా అంటారు. కల్పనకైనా క్యాలెండరు ఉంటుంది. ఒక నవలలో 1932లో హీరో గంజాం జిల్లాలో నిలబడి "మన ఒరిస్సా ప్రభుత్వం" అంటాడు. అప్పటికి ఆ ప్రభుత్వం ఎక్కడిది? ఒరిస్సా వేరే రాష్ట్రం అయింది 1936 ఏప్రిల్ 1న. అప్పటిదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇంకొకరు 1970లో మా పర్లాకిమిడికి ఉత్తరం రాయిస్తూ, అడ్రసులో గజపతి జిల్లా అని పెట్టారు. ఆ జిల్లా వచ్చింది 1992లో. ఉత్తరం చేరాలంటే 22 ఏళ్ళు ఆగాలి. మన పోస్టాఫీసు కాబట్టి చెప్పలేం అనుకోండి.

వయసులు, పేర్లు, బంధుత్వాలు కూడా అంతే. నేను ప్రతి రాతప్రతికీ ఒక నోటుబుక్కు పెడతాను. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరికి ఎవరు ఏమవుతారు, ఎవరి ఇంటికి ఏ దిక్కున వాకిలి. రెండో అధ్యాయంలో అప్పలమ్మ, తొమ్మిదో అధ్యాయంలో అప్పాయమ్మ అయిపోతుంది. తల్లికి ముప్పై, కొడుక్కి ఇరవై వచ్చేస్తాయి. రచయితకి ఇవి కనిపించవు, ఎందుకంటే ఆయన మనసులో మనిషి స్పష్టంగా ఉంది. కాయితం మీద ఉన్నదేదో బయటివాడే చూడాలి.

మరి భాష? వాళ్ళు అని రాయాలా, వాళ్లు అని రాయాలా? చెయ్యి, చేయి? రెండూ వాడుకలో ఉన్నాయి, ఏదైనా ఒప్పే. కానీ ఒక పుస్తకంలో ఒకటే ఉండాలి. మొదటి పది పేజీలు చూశాక ఈ ఎంపికలన్నీ ఒక కాయితం మీద రాసి రచయితకి పంపుతాను, మీకు ఇది సమ్మతమేనా అని. మాటలాడే మనుషుల భాష మాత్రం ఈ లెక్కలోకి రాదు. "ఏటి బావూ" అన్నవాడు ఏటి అనే అనాలి. "నానెల్నేదు" అన్నదాన్ని "నేను వెళ్ళలేదు" చేస్తే అక్కడ మనిషే మాయమైపోతాడు. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్ళో ఉండే కదండీ వాడుక భాష కోసం అంత పోరాడింది! ఆయన మన కొండల్లోని సవర గిరిజనుల భాషకి నిఘంటువు వేశారు, 1938లో అచ్చయింది. ఎలా వేశారు? సవరల దగ్గర కూర్చుని, వాళ్ళు పలికింది విని. వాళ్ళు ఎలా పలకాలో వాళ్ళకి చెప్పలేదు. మా ఊరివాడని గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే.

ఇప్పుడు అసలు చెప్పాలనుకుని వచ్చింది చెప్తాను. ఇది ఎక్కడా చెప్పలేదు. మీరు మనవాళ్ళు కాబట్టి చెప్తున్నాను.

ఒక పెద్దాయన. నేతపని కుటుంబం. తన జీవితం మొత్తం రాసుకున్నారు, పదకొండు నోటుబుక్కులు. భాష తెలుగు, అక్షరాలు ఒడియావి. ఆయన బడికి వెళ్ళింది ఒడియాలో, ఇంట్లో మాట్లాడింది తెలుగు. మరి ఎలా రాస్తారు? అలాగే రాశారు. ఇందులో వింత ఏమీ లేదు, మీ ఇళ్ళలో చూడండి, మీ నాన్నగారి పద్దు పుస్తకాలు అలాగే ఉంటాయి.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ఒడియాలో ఎ, ఏ రెండింటికీ ఒకే అక్షరం. ఒ, ఓ రెండింటికీ ఒకటే. మనకి రెండేసి. మనవడు కంప్యూటర్లో ఆ అక్షరాలని తెలుగు లిపిలోకి మార్చి నాకు పంపాడు. అన్నీ దీర్ఘాలే. "చేప్పాడు, వేళ్ళాడు, కోడుకు." మొదట్లో నవ్వొచ్చింది, రెండు రోజులకి అలవాటైపోయింది. చేప్పాడు అంటే చెప్పాడు, కోడుకు అంటే కొడుకు. ఇందులో అడగడానికేముంది? చకచకా దిద్దుకుంటూ పోయాను.

ఏడో నోటుబుక్కులో ఆయన అన్నయ్య చనిపోతాడు. ఆ తర్వాత ఒక వాక్యం: "పదో రోజు పోద్దున వదిన మేడ మీద పసుపు పోగులు చూసి నాకు కాళ్ళు ఆడలేదు." పోద్దున అంటే పొద్దున. మేడ అంటే? మెడ. పదో రోజు. పసుపు పోగులు. మీరైతే ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను. పుస్తెలు కూడా తాకట్టులోకి పోయి వట్టి పసుపు తాడే మిగిలిందేమో, ఆ రోజు దాన్నీ తీసేస్తారు కదా అని గొంతు పట్టేసింది నాకు. ఇంకో తెలివి కూడా చూపించాను. తాళి "మెడలో" ఉంటుంది కానీ "మెడ మీద" ఉండదు కదా, పెద్దాయనకి తెలుగు వాక్యం అంత పట్టు లేదేమో అని, "మెడలో" అని దిద్దాను. "వదిన మెడలో పసుపు పోగులు చూసి." చక్కగా ఉంది. ఎవరికీ అనుమానం రాదు.

ఆయనకి తెలుగు అక్షరాలు చదవడం రాదు. అందుకని దిద్దినదంతా ఆయనకి చదివి వినిపించాలని ముందే ఒప్పుకున్నాం. వాళ్ళ ఇంటికి వెళ్ళి రోజుకి రెండు గంటలు చదివేదాన్ని. ఈ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. "ఏటమ్మా అది? మళ్ళీ చదువు." చదివాను. "నానలా రాయనేదు. మెడ కాదమ్మా, మేడ." వేలు పైకి చూపించారు. డాబా.

వాళ్ళ అన్నయ్య పోయే ముందు రోజు పట్టుపోగులకి పసుపు రంగు వేసి మేడ మీద ఆరేశాడట. పోయాక ఆ గొడవలో ఎవరూ పైకి వెళ్ళలేదు. పదో రోజు పొద్దున ఈయన ఏదో పని మీద వదిన వాళ్ళ మేడ ఎక్కితే ఆ పోగులు అలాగే దండెం మీద ఉన్నాయి. ఎండకి ఒక పక్క వెలిసిపోయి.

చూశారా? నేను రాసింది వంద సినిమాల్లో చూసిన దృశ్యం. ఆయన రాసింది ఆయన ఒక్కరే చూసినది. "మీద" అన్న మాట అక్కడే ఉంది. మేడ అని చెప్తూనే ఉంది. దాన్ని తప్పు అనుకుని కొట్టేసింది నేను. ఏ యంత్రమూ పట్టుకోలేదు దీన్ని. మెడ నిఘంటువులో ఉంది, మేడా ఉంది. ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. అనుమానం ఉన్న చోట ప్రశ్న రాయడం పాతదే. అనుమానం లేకుండా అర్థం మార్చిన చోట కూడా పక్కన ఒక ప్రశ్న రాస్తాను. నా రేటు పెరిగింది దాంతో, అది వేరే సంగతి.

ఇప్పుడు మీకు పనికొచ్చే నాలుగు మాటలు గబగబా. టీ వచ్చేసినట్టుంది, వాసన వస్తోంది.

ఎడిటర్ని పెట్టుకునే ముందు ఐదారు పేజీలు ఇచ్చి దిద్దించి చూడండి. మంచి పేజీలు ఇవ్వకండి, మీకే అనుమానం ఉన్న పేజీలు ఇవ్వండి. వెనక్కి వచ్చాక ఎర్ర గీతలు లెక్కపెట్టవద్దు. గట్టిగా చదువుకోండి. మీ గొంతు వినిపిస్తోందా, ఆయన గొంతు వినిపిస్తోందా? అది చాలు. తర్వాత ఏ పని చేస్తారో కాయితం మీద రాయించుకోండి. నిర్మాణం చూస్తారా, వాక్యాలు దిద్దుతారా, ప్రూఫులు మాత్రమే చూస్తారా? "ఎడిటింగ్" అని ఒక్క మాట రాసుకుంటే తర్వాత తగాదాలే. రేటు మాటకింత అని అడిగేవాళ్ళు ఉంటారు. అది ఇంగ్లీషుకి సరిపోతుంది. మన తెలుగులో "వెళ్ళిపోతున్నాడనుకున్నాను" అన్నది ఒక మాట. దిద్దేవాళ్ళం నష్టపోతాం, అందుకే నేను పేజీ లెక్క. నా రేటెంతో ఇక్కడ చెప్పను, మా ఆయన వెనక వరసలో కూర్చున్నారు.

దయచేసి డీటీపీ అయ్యాక రావద్దు. ముందు రండి. పేజీలు పెట్టేశాక ఒక పేరా కదిపితే వెనకవన్నీ కదులుతాయి. ఫారం అంటే ప్రెస్సులో ఒకే పెద్ద కాయితం మీద అచ్చయ్యే 16 పేజీలు. ఎనిమిది ఫారాలు, 128 పేజీలు, సరిగ్గా సరిపోయిందనుకోండి. ప్రెస్సుకి వెళ్ళే ముందు రోజు ఒకాయన కృతజ్ఞతలు మరో రెండు పేజీలు తెచ్చారు. ఇప్పుడు ఆ రెండు పేజీల కోసం ఇంకో ఫారం మొదలుపెట్టాలా? చివరికి ఇద్దరు మేనల్లుళ్ళని, ఒక బావమరిదిని కృతజ్ఞతల్లోంచి తీసేశాం. ఆ బావమరిది ఆయనతో మాట్లాడటం మానేశాడని విన్నాను. అలాగే డీటీపీవాళ్ళు వాడే పాత "అను" ఫాంట్లలో ఉన్న ఫైలుని, ఇప్పుడు ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ నడిచే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి ఒక్కోసారి. మార్చాక మళ్ళీ ప్రూఫు చూడాల్సిందే.

పుస్తకం మీద హక్కు మీదే. ఎడిటర్ ఎంత దిద్దినా 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మీరు. మీ జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు మీ వారసులది. అదే చట్టం అవతలివాళ్ళకీ ఉంది. నవలలో సినిమా పాట మొత్తం దించేస్తే అనుమతి కావాలి. మీ అమ్మమ్మ పాడిన దంపుడు పాట వేసుకోండి, ఎవరూ అడగరు. ఐఎస్‌బీఎన్, అంటే ఒక్కో పుస్తకాన్ని గుర్తించడానికి ఇచ్చే నంబరు, ఢిల్లీలో రాజా రామమోహన్‌రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, దానికి ఎవరైనా వేలు అడిగితే కొంచెం ఆలోచించండి. సొంతంగా వేసుకుంటే ప్రచురణకర్త మీరే కాబట్టి, 1954 చట్టం ప్రకారం కలకత్తా నేషనల్ లైబ్రరీకి, ఇంకో మూడు గ్రంథాలయాలకి 30 రోజుల్లో ఒక్కో కాపీ పంపాలి. చాలామంది పంపరు. పంపండి.

మాస్టారు ఏదో అడుగుతున్నారు. "డబ్బులు పెట్టుకోలేనివాళ్ళ సంగతేమిటి?" మంచి ప్రశ్న. ఇద్దరు రచయితలు ఒకరిది ఒకరు మార్చుకుని చదవండి. కానీ ఒకే సాహివాళ్ళు వద్దు. మీ పక్కింటాయనకి మీ కథలో అన్నీ తెలుసు, ఏదీ అడగడు. శ్రీకాకుళంవాళ్ళకో, రాయగడవాళ్ళకో ఇవ్వండి. వాళ్ళు అడుగుతారు. పొగడమని ఇవ్వకండి, ప్రతి పేజీకీ ఒక ప్రశ్న రాయమని ఇవ్వండి. ఇంకొకటి, ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించండి. ఆ పెద్దాయన నాకు నేర్పింది అదే కదా.

ఆ అమ్మాయి ఏమంటోంది? "ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?" అచ్చు కాలేదమ్మా ఇంకా. తొమ్మిదో నోటుబుక్కు దగ్గర ఉన్నాం. ఇంకా రెండున్నాయి. ఆయన తొందరపడటం లేదు, నేనూ తొందరపెట్టడం లేదు. మొన్న వెళ్ళినప్పుడు మళ్ళీ ఒకటి తగిలింది. "కోట దగ్గర" అని ఉంది. కోటా, కొటా? కొట అన్న మాటే లేదు కదా అని నవ్వుకోబోయి ఆగాను. అడిగాను. ఆయన చెప్పింది నేను ఊహించింది కాదు. అది పుస్తకంలో చదువుకుందురుగాని.

నోటుబుక్కులు తెచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే టీ తాగాక ఆ కిటికీ దగ్గరికి రండి. ఒడియా అక్షరాల్లో ఉన్నా పర్లేదు, చదవగలను.